సగంలో తెగిన మాట

కళింగపట్నంలో అరుణశ్రీ నోటికి జడిసే మగాళ్ళు చాలామందే ఉన్నారు. బేరంలోనైనా తగువులోనైనా ఆమె గొంతు లేచిందంటే ఒడ్డున పడవ నెట్టేవాళ్ళు కూడా ఆగి, నవ్వుకుంటూ వినేవారు. భర్త ఎల్లాజీ వేటకు పోతాడు. అతను తెచ్చిన చేపను ఇసుకలో ఎండబెట్టి సంతలకు తీసుకెళ్ళి అమ్మడం ఆమె పని. ఆ గొంతు నలుగురికీ వినిపిస్తే బాగుంటుందని, రాజాంలో డిగ్రీ చదివే కూతురు అనిత ఆమెచేత ఫోన్లో వీడియోలు చేయించడం మొదలుపెట్టింది. ఎండు నెత్తళ్ళ పులుసు ఎలా పెట్టాలి, పాత సరుకును ఎలా పోల్చుకోవాలి, అత్త తాతమ్మ ఇవాళ ఎందుకు అలిగింది, ఇలాంటివే. జనం చూశారు. సంతలో "వీడియో అక్కవి కదూ" అని పలకరించేవాళ్ళు పెరిగారు. ఆ పలకరింపు ఆమెకు ఇష్టంగానే ఉండేది.

ఓ పొద్దున, ఎవరో సినిమా హీరో పుట్టినరోజని అభిమానులు బళ్ళకు జెండాలు కట్టుకుని బీచికి వచ్చారు. హారన్లు, కేకలు. ఇసుకలో పరిచిన చేపను చూడలేదో, చూసీ లెక్కచెయ్యలేదో, దాని మీదుగానే బళ్ళు తోలారు. తాతమ్మ చీపురు పట్టుకుని అడ్డం వెళితే ఒకడు ముసల్దాని చుట్టూ బండిని గిరగిరా తిప్పి నవ్వాడు. వాళ్ళు పోయాక ఇసుకలో నలిగిన కవళ్ళ చేపలను ఏరుతూ ఏరుతూ, ఆ కోపంలోనే అరుణశ్రీ ఫోను తీసింది.

"మీ దేవుడు తెర మీద వందమందిని కొడతాడు గానీ, సేప ఎండబెట్టిన కాడ ఎలాగ నడవాలో మీకు నేర్పలేదేటి? ఒక్కపాలి ఆయన్ని మా పడవెక్కించండిరా. వంశధార సముద్రంలో కలిసీ మొగ దాటకముందే కక్కుకుంటాడు. మునిగిపోతాడా, మునిగిపోనీ! మళ్ళా దూకి తీసీవోలు మావోలే."

ఊళ్ళో చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు. మర్నాటికి ఎవరో ఆ వీడియోని "మునిగిపోనీ" అన్నచోట కోసేశారు. కింద "మా హీరో చావు కోరిన చేపలమ్మి" అని రాసి వదిలారు. దూకి తీసేవాళ్ళ మాట ఇక ఎవరికీ వినపడలేదు.

మొదట వచ్చిన తిట్లకు ఆమె తిట్లతోనే జవాబిచ్చింది. అవి సంతలో వినే తిట్లే, కొత్తేం కాదు. తర్వాత తర్వాత వచ్చినవి వేరు. ఆమె ఒంటి గురించి, కులం గురించి, చేపల వాసన గురించి రాశారు. ఇంటి గుమ్మం ఫొటో పెట్టారు. ఎవరో ఫోన్ నంబరు బయటపెట్టారు. ఇక ఆ ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే కొందరు బూతులు తిట్టేవారు. కొందరు ఏమీ మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించేవారు. తిట్టేవాళ్ళే నయమనిపించేది ఆమెకు.

"సముద్రంలోనైతే గాలి ఎటు కొడతన్నాదో తెలుస్తాది," అన్నాడు ఎల్లాజీ. "ఇదేటే, ఎటు తిరిగి నిలబడాలో కూడా తెలీకుండున్నాది."

ఊరి పెద్దలు పిలిపించారు. మళ్ళీ బళ్ళు వస్తే ఈసారి చేపతో పోదని వాళ్ళ భయం. "ఒక్క మాట తప్పయిందని సెప్పీ, అమ్మా. నీ నోరు అరిగిపోదు కదా," అన్నాడు పెద్ద.

"నానేటి తప్పు సేసినాను మావా? సివరి మాట కోసీసినోడిది తప్పు."

"తప్పెవుడిదని కాదమ్మా. ఊరికి సెడ్డ రాకుండా సూసుకోవాల."

చెప్పింది. చెంగు భుజాల నిండా కప్పుకుని, చేతులు జోడించి, "మా అన్నలు, తమ్ముళ్ళు క్షమించాల" అంది. జోడించిన ఆ చేతుల మీద పాటలు అతికించి, కుక్క అరుపులు కలిపి ఆ వీడియోనూ తిప్పారు. తగ్గుతుందనుకున్నది కాస్తా రెట్టింపైంది. ఒకసారి వంగినదాన్ని ఇంకా ఎంతవరకు వంచొచ్చో చూద్దామన్నట్టు ఎగబడ్డారు.

ఎల్లాజీ వేటకు పోయిన ఓ ఉదయం ఆమె ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. కాలేజీ గేటు ముందు పుస్తకాలతో నిలబడిన అనిత. "నీ కూతురు ఏ బస్సెక్కుతుందో కూడా తెలుసు" అని కింద ఉంది. అరుణశ్రీ వెంటనే అనితకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

పొయ్యి మీది అన్నం తాతమ్మకు అప్పజెప్పి, ఉన్న చీరతోనే బయల్దేరింది. శ్రీకాకుళంలో దిగి రాజాం బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటాక వెనక సీట్లోంచి తన గొంతు తనకే వినిపించింది.

"మునిగిపోతాడా, మునిగిపోనీ!"

ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుతున్నారు. "ఇంకోపాలి ఎట్రా," అన్నాడొకడు. మళ్ళీ అదే గొంతు, మళ్ళీ నవ్వు. అరుణశ్రీ చెంగు ముఖం మీదికి లాక్కుని కిటికీకి అంటుకుపోయింది. దగ్గొస్తే నోట్లో చెంగు కుక్కుకుంది. దగ్గినా గొంతు గుర్తుపడతారేమో! కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అంటే నోరు తెరవలేదు. టికెట్ డబ్బులు చేతిలో పెట్టి, ముందద్దానికి ఉన్న రాజాం బోర్డును వేలితో చూపించింది. మూగదనుకున్నాడు కాబోలు, జాలిగా టికెట్ ఇచ్చి వెళ్ళిపోయాడు. సంతనంతటినీ ఒక్క కేకతో తనవైపు తిప్పుకునే మనిషి, రాజాం వచ్చేదాకా మూగదానిలాగే కూర్చుంది.

అనిత హాస్టల్లోనే ఉంది. తల్లిని చూసి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఫోనెందుకు ఆపినావే! నా పేనాలు పోయినాయి."

"నీకొచ్చినట్టే నాకూ వస్తన్నాయమ్మా. అందుకే ఆపీసినాను."

"ఏటొస్తన్నాయి? సూపించు."

"వొద్దమ్మా."

"సూపించమంటన్నానా!"

చూపించింది. అరుణశ్రీ ముఖమే. దానికింద ఎవరిదో బట్టల్లేని ఒళ్ళు. చెవులకు తాతమ్మ పెట్టిన కమ్మలు అలాగే ఉన్నాయి. నెత్తళ్ళ పులుసు వీడియోలోంచి తీసిన ముఖమని ఆమెకు తెలిసిపోయింది. అందులో తను నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేకపోయింది. చెవులు తడుముకుని, అక్కడే కూర్చుని కమ్మలు ఊడదీసి కొంగున ముడేసుకుంది.

"అమ్మా, పోలీసులకు సెప్పుదుము," అంది అనిత.

"వాళ్ళకి కూడా ఇది సూపించాల?"

అనిత తల్లి చెయ్యి పట్టుకుంది. "సూపించాల," అంది. "నాను పక్కనుంటాను."

స్టేషన్లో సుహాసిని అనే ఎస్సై ఉంది. ఫొటో ఒక్కసారి చూసి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. ఆ బోర్లా పెట్టినందుకే అరుణశ్రీకి మాట పెగిలింది. జరిగిందంతా చెప్పింది. వీడియో మొత్తం ఇక్కడైనా చివరిదాకా చూడండమ్మా అంది. సుహాసిని చూసింది.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. అనిత ఫొటో పంపినవాడితో సహా, తిట్టినవాళ్ళలో చాలామంది దొరకలేదు. దొంగ పేర్లు, మూసేసిన ఖాతాలు. ఆమె ముఖం అతికించి ఫొటో తయారుచేసినవాడు మాత్రం దొరికాడు. అరుణశ్రీ ఎల్లాజీతో కలిసి స్టేషనుకు వెళ్ళింది. బల్ల ముందు తలొంచుకుని నిలబడ్డవాణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ధనరాజు. పాతపట్నంలో ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. సంత ఉన్నప్పుడల్లా వచ్చి, "అక్కా, అమ్మకి నెత్తళ్ళంటే పేనం, మంచివి ఏరి ఎట్టు" అనేవాడు. అందరికన్నా ముందు అతనికే ఏరిపెట్టేది. ఆమె ఫోను అద్దం పగిలితే బాగుచేసింది కూడా అతనే.

"తప్పయిపోయినాదక్కా," అన్నాడు. "అందరూ ఏదోటి పెడతన్నారని నానూ పెట్టినాను. ముందు ఇంత దూరం పోతాదని తెలీదు."

"మరి తరవాత?"

అతను ఎస్సై వైపు చూశాడు.

"తెలిసినాక ఎందుకు తియ్యలేదురా? నువ్వు పెట్టిన తరవాత కూడా నా కాడికొచ్చి సేపలు కొన్నావు కదా. ఎదురుగుండా నిలబడి అక్కా అన్నావు కదా!"

"శానామంది సూస్తన్నారక్కా..." అన్నాడు గొణుగుతూ.

ఎల్లాజీ చెయ్యెత్తబోతే సుహాసిని ఆపింది. కేసు రాశారు. వాడు బెయిలు మీద బయటికి వచ్చాడు. విచారణ ఇంకా నడుస్తోంది.

దొరికాడు కదా, ఇక నిమ్మళంగా ఉండమన్నారు అందరూ. అరుణశ్రీకి మాత్రం భయం పెరిగింది. అంతకుముందు వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో. ముఖాలు లేనివాళ్ళు. ఇప్పుడు ఆ చీకటిలోంచి ఒక ముఖం బయటికి వచ్చింది, అది తెలిసిన ముఖం. మరి మిగిలినవాళ్ళు? అక్కా అని పిలిచిన ప్రతివాడి ముఖంలోనూ వెతకడం మొదలైంది. రోడ్డు మీద బండి చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలేసి ఇంట్లోకి పోయేది. తాతమ్మ చూసి చూసి, "బుట్ట నానెత్తుతాను, నువ్వు నా ఎనకే రా," అంది. డెబ్బై దాటిన మనిషి నిజంగానే బుట్ట ఎత్తబోయింది. ఆ సిగ్గుకే అరుణశ్రీ మళ్ళీ సంతకు బయల్దేరింది.

పాతపట్నంలో ధనరాజు కొట్టు మూసి ఉంది. దానికి వీపు పెట్టలేక, ఎదురుగా కూర్చోలేక, సంతకు ఆ కొసన చోటు వెతుక్కుంది. కేకలు వెయ్యలేదు. సరుకు చూసి వచ్చినవాళ్ళకే తూచింది. ఒక నడివయసు ఆవిడ నెత్తళ్ళు తూయించుకుని, చేతిసంచిలోంచి ఫోను తీసి ఆమె వైపు ఎత్తింది.

అరుణశ్రీ రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది. తక్కెడ జారి నెత్తళ్ళు నేలపాలయ్యాయి.

"అయ్యో, ఏటైనాదమ్మా?" అంది ఆవిడ బిత్తరపోయి. "డబ్బులు కొట్టడానికి తీసినాను. నీ కోడు కాగితం ఎనకాల ఉన్నాది కదా."

అరుణశ్రీ వేళ్ళ సందుల్లోంచి చూసింది. నిజమే, స్కాన్ చేసే కాగితం తన వీపు వెనక తాటాకు దడికి వేలాడుతోంది. పక్కకు జరిగింది. ఆవిడ డబ్బు పంపి, వంగి, కిందపడ్డ నెత్తళ్ళను తనూ ఏరసాగింది.

"వొద్దమ్మా, ఇసకంటినాయి. నాను వేరేవి తూస్తాను," అంది అరుణశ్రీ.

ఆ రోజు ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి మాట అదే. గొంతు బాగా చిన్నగా ఉంది. ఆవిడ "ఆఁ?" అని చెవి ఒగ్గింది. అరుణశ్రీ అటూ ఇటూ చూసి, మళ్ళీ చెప్పింది, కొంచెం గట్టిగా.