పని లేని కడ్డీ

లెక్కలాయన ఏ కుర్చీలోనూ వెంటనే కూర్చోడు. దాని వీపును బొటనవేలితో ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, ఆఖర్న మూలనుంచి ఒకసారి నొక్కి, ఊగదని తేలాకే ఆసీనుడవుతాడు. ఇనుప చట్రాల కట్టడాల్లో ఏ కడ్డీ మీద ఎంత బలం పడుతుందో లెక్కగట్టడం ముప్ఫై ఏళ్లుగా ఆయన వృత్తి. కంప్యూటరు తీర్పు చెప్పేసినా సరే, పెన్సిలు చెక్కుకుని కేసు మళ్లీ మొదటినుంచి విచారిస్తాడు.

ఆటల హాలు కట్టిస్తున్న యజమాని ఒకనాడు వచ్చి, పక్కగోడలో తను పెట్టించదలచిన గుమ్మానికి అడ్డొస్తున్న ఏటవాలు కడ్డీని తీసెయ్యమన్నాడు. "దానిమీద బలం సున్నా అని మీరే రాశారుగా. పని లేనివాణ్ని మేపడం దేనికండీ?"

"గాలి ఎదురుగా కొడితే సున్నా అండీ. మూలనుంచి కొడితే హాలు మెలితిరక్కుండా పట్టుకునేది అదొక్కటే," అన్నాడు లెక్కలాయన.

"కడ్డీ తీసెయ్యొచ్చని ఇవాళ సంతకం పెట్టకపోతే పక్క ఆఫీసుకి పోతాను."

ఆఫీసు నడిపే మేనల్లుడి మొహం వాడిపోయింది. "మామయ్యా, మన చేతిలో ఉన్నది ఈ ఒక్క పనే. పెట్టెయ్."

లెక్కలాయన కలానికి మూత పెట్టి, బల్లమీదున్న హాలు పటంలో గుమ్మాన్ని చెరిపి, రెండు బారలు పక్కకు జరిపి గీశాడు.

"అంటే నా గుమ్మం జరగాలా?" అన్నాడు యజమాని.

"గుమ్మం జరిగితే ఫర్వాలేదండీ. కప్పు జరిగితేనే కష్టం."

యజమాని పటం మీద గుమ్మం జరిగిన దూరాన్ని వేళ్లతో కొలిచాడు. తర్వాత, "బారన్నర చాలదా?" అని బేరం మొదలుపెట్టాడు.