వార్డెన్ మేడమ్ ‘ఆల్ ఇయర్స్’ అన్న రోజు

ఇవాళ ఆఫీసు మీటింగులో మేనేజర్ ‘ఐయామ్ ఆల్ ఇయర్స్’ అనగానే బాన్సువాడలో మన హాస్టల్ గుర్తొచ్చింది. స్నానాలగది గొళ్లెం విరిగిందని చెప్పమని ఆరో తరగతిలో మీరందరూ కలిసి నన్నే పంపారు, గుర్తుందా? వార్డెన్ మేడమ్ కూడా ఇదే మాట అంది. శ్రద్ధగా వింటాను, చెప్పమని దానికి అర్థం. నేనేమో చెవులు మెలేస్తుందనుకుని రెండు చేతులతో మూసుకున్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. నేను సిగ్గుతో వెనక్కి తిరిగాను.

బయటికి రాగానే సుగుణ అడిగింది.

“చెప్పినవా?”

“చెప్పిన. రేపు చేపిస్తదట.”

ఆ ఏడాదంతా ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరం ఆ చల్లటి రేకు తలుపుకు వీపు ఆనించి కాపలా కాశాం. “ఇంకా చేపియ్యలేదేందే?” అని సుగుణ రోజూ అడిగేది. నేను తల తిప్పుకునేదాన్ని.

సుగుణా, నేను అసలు చెప్పనేలేదు.