ఇరవైమూడో మూల

డీడెరిక్ వెర్‌మాండర్ మా ఊరి సైకిల్ పందెంలో పదకొండుసార్లు బయల్దేరాడు. ఒక్కసారి కూడా ఆఖరి గీత దాటలేదు. ఈ సంగతి మా బీవర్‌హూక్‌లో చర్చి గంట కొట్టేవాడి నుంచి చిప్స్ బండి ఆవిడ దాకా అందరికీ తెలుసు. బయటి ఊళ్ళలో అయితే మనిషి ఫరవాలేదు. నలభై ఏడో వాడుగానో, అరవయ్యో వాడుగానో చివరిదాకా వస్తాడు. సొంతూళ్ళో మాత్రం, ఊరి చుట్టూ తిరగాల్సిన పదిహేను చుట్లలో తొమ్మిదోదానికల్లా అతని కథ ముగుస్తుంది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. సొంతూళ్ళో పందెం తొక్కే ప్రతివాడూ చేసే తప్పే అతనూ చేస్తాడు. మొదటి చుట్టులో తన వీధి వచ్చేసరికి గుంపుకి ముందుండాలి. పెళ్ళాం, మామగారు, పక్కింటివాళ్ళు గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళ కళ్ళముందే వందమంది వెనకాల పడి ఈడ్చుకుంటూ పోతే ఏం మర్యాద? అందుకని ఉన్న బలమంతా ఊడ్చి ముందుకు పోతాడు. ఒక్క నిమిషం చప్పట్లు. మిగతా పద్నాలుగు చుట్లకి కాళ్ళలో ఏమీ ఉండదు.

అతనికి నలభై ఒక్కటి. కూరగాయల్ని గడ్డకట్టించే ఫ్యాక్టరీలో ఉదయం అయిదింటి షిఫ్టు. బెల్టు మీద పారే పాలకూరలోంచి రాళ్ళూ పుల్లలూ అప్పుడప్పుడూ కప్పలూ ఏరడం పని. ఒంటిగంటకి దిగి, వ్యానులో సైకిల్ వేసుకుని, దారిలో అన్నపు పాయసం పెట్టిన టార్టు ఒకటి తిని, మూడింటికి ఏదో ఒక ఊళ్ళో గీత దగ్గర నిలబడతాడు. ఇరవై ఏళ్ళుగా అంతే. గెలిచింది ఎప్పుడూ లేదు.

నేను గెంట్ నగరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చి క్లబ్బులో చేరాను. నాకు కారు లేదు కాబట్టి పందాలకు అతని వ్యానులోనే పోయేవాణ్ణి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఒక సీజనంతా అతన్ని పక్క సీట్లోంచి చూశాను.

ఆ సీజను గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. మార్చిలో వడగళ్ళు. ఏప్రిల్లో పొలాలకి పందిపెంట చల్లే రోజుల్లో నోరు తెరిచి ఊపిరి పీల్చాలంటేనే రోత. కాంక్రీటు పలకల రోడ్ల మీద అతుకు అతుక్కీ చేతులు అదిరేవి. మే నెలలో నేను రెండుసార్లు పడ్డాను, అతను ఒకసారి. జూన్‌కి వచ్చేసరికి ఏ ఊరు ఏదో కలిసిపోయింది. అన్ని ఊళ్ళలోనూ అదే చర్చి, అదే బీరు గుడారం, లాటరీ టిక్కెట్ల గురించి మైకులో అదే గొంతు. తిరుగు దారిలో డీడెరిక్ స్టీరింగు మీద రెండు మణికట్లూ ఆనించి, ముప్ఫై కిలోమీటర్లు ఒక్క మాట లేకుండా నడిపేవాడు. ఒకసారి ఎర్ర దీపం పచ్చగా మారినా కదలలేదు. వెనక హారన్లు మోగాయి.

"నిద్రపోయావా?" అన్నాను.

"లేదు. ఎటు పోవాలో ఆలోచిస్తున్నా."

"ఇంటికి."

"ఆఁ, ఇంటికే," అని గేరు వేశాడు.

జూన్ ఆఖర్లో, పందెం కమిటీ పెద్ద ఒమేర్, కేఫ్‌లో అందరి ముందూ ఆ మాట చెప్పాడు. ఆయనకి డెబ్భై నాలుగు. బీరు మీద నురుగు తుడుచుకుంటూ, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పాడు.

"ఈ సెప్టెంబరు జాతరకి పందెం పెడతాం. ఇదే ఆఖరు. మూలకో జెండా మనిషి కావాలి, ఇరవై మూడు మూలలున్నాయి. నా దగ్గరున్న వాళ్ళలో సగం మంది కర్రలు పట్టుకు నడుస్తున్నారు. కుర్రాళ్ళని అడిగితే సోమవారం మాకు పనుందంటారు."

"డీడెరిక్, ఇక నీకు మిగిలింది ఒక్క ఛాన్సే," అన్నాడు చిప్స్ బండి ఆవిడ మొగుడు. "ఈసారన్నా ఆఖరి చుట్టు గంట వింటావా, లేక మళ్ళీ మీ ఇంటి ముందు తుస్సుమంటావా?"

అందరూ నవ్వారు. డీడెరిక్ కూడా నవ్వాడు. వ్యాను ఎక్కాక మాత్రం నవ్వలేదు.

"ఇది పూర్తిచెయ్యాలి యార్నె," అన్నాడు నాతో. "నూరో వాడిగా వచ్చినా సరే. పూర్తిచేస్తే ఇంక ఈ సైకిల్ గోడకి తగిలించేస్తాను."

"పూర్తిచెయ్యకపోతే?"

"అదే తెలియడం లేదు."

అప్పటినుంచి మా మాటలన్నీ దాని చుట్టూనే. మొదటి చుట్టులో ముందుకు పోకూడదు. గుంపు మధ్యలో, గాలి తగలని చోట దాక్కోవాలి. వీధి వచ్చినప్పుడు తల ఎత్తకూడదు. అతని భార్య వీర్లెకి కూడా చెప్పాం. "ఈసారి చప్పట్లు కొట్టకు, లోపల కూర్చో."

"పదకొండుసార్లూ నేను లోపల కూర్చుంటాననే అన్నా," అంది వీర్లె. "మా నాన్నే బయటికి లాగుతాడు."

ఆగస్టు నెలంతా అతను పొదుపుగా తొక్కాడు. నాలుగు పందాలు వదిలేశాడు. జాతర సోమవారానికి ఫ్యాక్టరీలో సెలవు పెట్టాడు. ఆ రోజు పదింటిదాకా పడుకున్నాడని వీర్లె చెప్పింది, పెళ్ళయ్యాక మొదటిసారట.

మూడింటికి నూట ఆరుగురం చర్చి ముందు గీత దగ్గర నిలబడ్డాం. సన్నగా తుంపర. ఒక కాలు పెడలు మీద, ఒకటి నేల మీద. మూడున్నర దాకా ఎవరూ ఈల వెయ్యలేదు.

"మొదలెడతారా, లేక ఇక్కడే గుడ్లు పెట్టమంటారా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

కబురు నెమ్మదిగా ముందు వరసకి వచ్చింది. పందుల ఫారం సందు పెద్ద రోడ్డులో కలిసే ఇరవైమూడో మూలకి మనిషి లేడు. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా జెండా పట్టే గిల్బెర్ట్ ఆ పొద్దున్నే మెట్ల మీంచి జారి ఆసుపత్రికి పోయాడు. నీలం కోటు వేసుకున్న పందెం అధికారిణి ఒకటే మాట మీద ఉంది.

"అది లారీలు తిరిగే మూల. మనిషి లేకపోతే పందెం లేదు. ఇంకో పది నిమిషాలు చూస్తాను."

ఎవరినో ఒకరిని నిలబెడితే సరిపోదు. శిక్షణ కార్డు ఉండి, మున్సిపాలిటీ జాబితాలో పేరున్నవాడే జెండా పట్టాలి. ఒమేర్ బీరు గుడారమంతా తిరిగాడు. కార్డున్న ఇద్దరు దొరికారు గాని, జాతర మూడో రోజు మూడున్నరకి వాళ్ళు నిలబడే స్థితిలో లేరు. ఒకడైతే జెండా ఇస్తే భుజాన వేసుకుని పాట మొదలెట్టాడు. అధికారిణి తల అడ్డంగా ఊపింది.

ఒమేర్ మైకు అందుకున్నాడు. "కార్డున్న వాళ్ళెవరైనా ఉంటే రండి. దయచేసి." దయచేసి అనడం ఆ మనిషికి అలవాటు లేదు. 

ఆ శిక్షణ ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం బడి హాల్లో పెట్టారు. క్లబ్బులో అందరూ రావాలన్నారు. డీడెరిక్ షిఫ్టు దిగి, నిద్ర ఆపుకుంటూ వెళ్ళి కూర్చుని, కార్డు తెచ్చుకున్నాడు. నన్నూ పిలిచాడు. నేను ఒంట్లో బాలేదని చెప్పి సోఫాలో పడుకున్నాను. ఒంట్లో బాగానే ఉంది.

నేను ముందు చక్రం వంక చూస్తూ నిలబడ్డాను. పక్కన డీడెరిక్ హెల్మెట్ పట్టీ విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తున్నావు?"

అతను సైకిల్ని నడిపించుకుంటూ అడ్డు తాడు కిందనుంచి దూరి ఒమేర్ దగ్గరికి పోయాడు. ఒమేర్ అతన్ని చూసి మైకు దించాడు.

"నువ్వు కాదురా," అన్నాడు. మైకు ఇంకా పనిచేస్తోంది, ఊరంతా విన్నది. "ఇంకెవడైనా సరే, నువ్వు మాత్రం కాదు."

"మరి ఇంకెవడు?" అన్నాడు డీడెరిక్. "ఆ జెండా ఇలా ఇవ్వు."

వీపు మీది అంకె కాగితం వీర్లె పొద్దున్న గుచ్చింది. దాని మీదే నారింజ రంగు కోటు తొడుక్కుని ఫారం సందు వైపు తొక్కుకుంటూ పోయాడు. మామూలు బూట్లు తెచ్చుకునే తీరిక లేదు. అయిదు నిమిషాల్లో ఈల వేశారు. నూట అయిదుగురం కదిలాం.

ప్రతి చుట్టులోనూ అతన్ని చూశాను. సైకిల్ బూట్లకి అడుగున ముందువైపు ఇనప బిళ్ళ ఉంటుంది. వాటితో రోడ్డు మీద నిలబడితే మడమలు కిందికి జారి, పిక్కలు పీకుతాయి. రెండో చుట్టులో నిటారుగా ఉన్నాడు. నాలుగో చుట్టులో ఒక లారీ డ్రైవరు కిటికీలోంచి చేతులు ఊపుతూ తిడుతుంటే, లారీకి అడ్డంగా జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఏడో చుట్టుకి వాన పెద్దదైంది. తొమ్మిదోదానికి ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడుతున్నాడు.

"మధ్యలో ఉండరా, వెధవా!" అని అరిచాడు నన్ను చూసి. "మధ్యలో!"

అప్పటికే ఆలస్యమైంది. పదమూడో చుట్టులో, కాలవ గట్టు మీద ఎదురుగాలికి గుంపు తెగింది. నేను వెనకబడ్డ ముక్కలో మిగిలాను. ఇంకో కిలోమీటరు పోయాక అధికారిణి కారు పక్కనుంచి వచ్చి ఈల వేసింది. మరీ వెనకబడ్డావు, నీ పందెం అయిపోయింది, దిగు అని అర్థం.

ఇంటికి పోబుద్ధి కాలేదు. పొలాల దారిన అడ్డంపడి ఫారం మూలకి పోయాను. డీడెరిక్ నన్ను చూశాడు, రోడ్డు వంక చూశాడు.

"దించేశారా?"

"దించేశారు."

"మొదటి చుట్టులో బేకరీ ముందు ఎక్కడున్నావు?"

ఆ బేకరీ మా అమ్మది. నేను మొహం మీది బురద తుడుచుకున్నాను.

"ముందున్నావు కదూ."

"మూడోవాణ్ణి," అన్నాను.

అతను ముక్కులోంచి గాలి వదిలాడు. అది నవ్వో ఏమో తెలియలేదు. నేను గడ్డి మీద కూలబడ్డాను. 

"ఎందుకు దిగావు?" అని అడిగాను. "నువ్వు కదలకపోతే నిన్నెవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు."

"పందెమే జరక్కపోతే నేను పూర్తిచేసేదేముంది?"

"అది లెక్క. నిజం చెప్పు."

అతను జెండాని చంకలో ఇరికించుకుని తడి చేతులు కోటుకి తుడుచుకున్నాడు. "దిగగానే హాయిగా అనిపించింది. ఇవాళ తొక్కక్కర్లేదు కదా అని. అది నాకు నచ్చలేదు. మూడు నెలలు దీనికోసమే ఏడ్చి, ఒక్క క్షణంలో హాయిగా ఉండటమేంటి?"

 దూరంగా చర్చి వైపునుంచి ఆఖరి చుట్టు గంట గాలిలో కొట్టుకొచ్చింది. ముందున్న నలుగురు తలలు వాల్చుకుని వచ్చారు. వెనక గుంపు వచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ, మొహాల మీద బురదతో, ఎక్కడున్నామో తెలియని కళ్ళతో. అందరికన్నా వెనక పక్క ఊరి మనిషి ఒకడు, యాభై దాటినవాడు, పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కుతున్నాడు. డీడెరిక్ అతనికోసం ఒక ట్రాక్టర్ని రెండు నిమిషాలు ఆపాడు.

"ఒక్కడి కోసం ఎంతసేపయ్యా?" అన్నాడు ట్రాక్టర్ మీదివాడు.

"వాడు పోయేదాకా," అన్నాడు డీడెరిక్.

పందెం అయిపోయిందని చెప్పే పచ్చ జెండా కారు పోయాక, కోటు విప్పి మడతపెట్టాడు. నడవబోతే కాళ్ళు సహకరించలేదు. నా భుజం పట్టుకున్నాడు.

చర్చి దగ్గర వ్యాను వెనక తలుపు తీసి, వీర్లె ప్లాస్టిక్ బకెట్లో వేడినీళ్ళు, తువ్వాలు, సబ్బు పెట్టి ఉంచింది. మా ఊరి పందెం రోజున ఎప్పుడూ అలాగే పెడుతుందట. ఇవాళ అక్కర్లేదని ఎవరూ ఆమెకి చెప్పలేదు.

"ఏమైంది చివరికి?" అంది, అడగడానికి ఏదో ఒకటి అడగాలన్నట్టు.

"ఈ ఊళ్ళో ఆఖరి చుట్టు చూశాను. ఇదే మొదటిసారి."

ఆమె నవ్వలేదు. సబ్బు అందించింది. డీడెరిక్ వ్యాను అంచు మీద కూర్చుని బూట్లు లాగేశాడు. పాదాలు తెల్లగా నానిపోయి ఉన్నాయి. వాన కడిగేసిన కాళ్ళ మీద బురద చుక్కయినా లేదు. అయినా మోకాళ్ళ నుంచి కిందికి, మిగతావాళ్ళంతా కడుక్కుంటున్నట్టే, నీళ్ళు చల్లారేదాకా కడుక్కున్నాడు.