ఆపా కుట్టిన చెవి

మా పక్కింటి ఆపా నిన్న తెల్లవారుతుండగా కన్నుమూసింది. మా ఇంట్లో తొట్టెల కట్టి నాలుగు రోజులే అయింది. మనవరాలు పుట్టిన సంబరంలో నేను ఇబ్రహీంపట్నం వీధులన్నీ తిరిగి, కనబడ్డ ప్రతివాడి నోట్లో బెల్లం ముక్క పెడుతున్నాను. ఆ సంబరంలో ఈ కబురు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తున్నాను.

నేను పెద్దగా చదివినవాణ్ని కాను. నాలుగు తరగతులు, అవీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. తప్పులుంటే చదివేవాళ్లు దిద్దుకోవాలి. ఆపా గురించి మాత్రం రాయకుండా ఉండలేను.

ఆపా అంటే ముసల్మానుల మాటలో అక్క. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆమె భర్త ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. ఆయన పోయాక ఒంటరిగా బొంతలు కుట్టి బతికింది. మా రెండిళ్లకూ మధ్య ఒక మట్టిగోడ. ఆమె సూది పడితే చేయి ఇసుమంత కూడా వణికేది కాదు. అందుకే మా ఊళ్లో ఆడపిల్లల పై చెవి కుట్టాలంటే ఆమే కుట్టాలి. కింది తమ్మెలు బంగారం పని చేసే అవుసులాయన కుట్టేవాడు. పై అంచు అనేసరికి ఆయనే, "గది నాతోని కాదు, ఆపా దగ్గరికి పోండ్రి" అనేవాడు.

నాకు ఒక్కతే బిడ్డ. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు పుట్టింది. దానికి దోమ కుట్టినా నాకు దద్దురు లేచేది. అంత ముద్దు. దానికి ఆదిభట్ల సంబంధం కుదిరింది. వాళ్లింట్లో కోడలు పెళ్లినాడు బావిలీలు పెట్టుకోవాలి. బావిలీలంటే చెవి పై అంచుకు వేసే చిన్న బంగారు రింగులు. బిడ్డను తీసుకుని ఆపా దగ్గరికి వెళ్లాను.

"ఒక్క చెవే కుడత," అంది ఆపా.

"రెండూ కుట్టరాదా? ఒక్కసారే అయిపోతది."

"రెండు చెవులు ఒక్కసారే కుడితే బిడ్డ ఏ దిక్కు తిరిగి పండుతది, తమ్మీ? ఒక దిక్కు నిద్రకు వదిలిపెట్టాలె. ఇది మానినంక అది."

సూదిని మరిగే నీళ్లలో వేసింది. చేతులు రెండుసార్లు కడిగింది. చెవి మీద సుర్మాతో చుక్క పెట్టి, బిడ్డ చేతికి అద్దం ఇచ్చి, "ఈడ మంచిగున్నదా, జర పైకి కావాల్నా?" అని అడిగింది. చెవి వెనక ఆలుగడ్డ ముక్క ఆనించింది.

"బేటీ, మీ అత్తగారి ఊరి చెరువు పెద్దదా, మనదా?"

"మనదే..." అని బిడ్డ అనేలోపు సూది ఆలుగడ్డలో దిగింది. బిడ్డ కంట్లో చుక్క నీరు లేదు. నేను మూలన నిలబడి ముక్కు చీదుతున్నాను.

"చూడు బేటీ, చెవి నీది, ఏడుపు మీ బాపుది!" అని ఆపా పడి పడి నవ్వింది.

సన్నని బంగారు తీగ వేసి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "కింద చెవి మాంసం, తమ్మీ. జల్ది మాన్తది. పైన మెత్తటి ఎముక. గది అలిగితే మాట వినది. ఉప్పు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగ పొద్దున ఒకసారి, మాపు ఒకసారి. పసుపు వద్దు, నూనె వద్దు. తీగను తిప్పొద్దు. నేను చెప్పేదాక తీయొద్దు. యాది పెట్టుకో."

అన్నీ గుర్తుపెట్టుకున్నాను. కానీ రోజులు మంచివి కావు. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం వెతికే పోలీసులు ఒకనాడు, మా అన్నం మేం తిననివ్వని రజాకార్లు ఒకనాడు ఊరిమీద పడేవారు. చెవి కుట్టి నెల కాలేదు, పోలీసు యాక్షన్ వచ్చి నిజాం రాజ్యం పడిపోయింది. ఎవరు ఎవరి ఇంట్లో జొరబడతారో తెలియదు. ఊరంతా బంగారం దాచుకుంటోంది. నేనూ పొయ్యి పక్కన గుంత తవ్వాను. ఇంటామె పుస్తె గుండ్లు వేశాను. చివరికి బిడ్డ చెవి తీగ కూడా లాగి వేశాను. తీగ కోసం ఎవడైనా చెవి తెంపుతాడేమోనని నా భయం. తూటు పూడుకుపోకుండా చీపురు ఈనె విరిచి అందులో గుచ్చాను. మస్తు తెలివైన పని చేశాననుకున్నాను.

మూడోనాటికి చెవి వంకాయలా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. పట్నం బస్సు బంద్. దవాఖానకు పోయే దారి లేదు. ఆపా తలుపు వారం నుంచి లోపల గడియ పెట్టే ఉంది. ఆ రోజుల్లో ఆమెలాంటివాళ్లు వీధిలోకి రావడానికి భయపడ్డారు. భయపడటానికి కారణాలు ఉన్నాయి, నేను కళ్లారా చూశాను.

గోడ దగ్గర నిలబడి పిలిచాను. చాలాసేపటికి గొంతు వినబడింది.

"ఏంది తమ్మీ?"

"బిడ్డ చెవి వాచింది ఆపా. జరం గూడ వచ్చింది."

"నేను వీధిలకు రాను తమ్మీ. కోపం చేసుకోకు."

నాకు ఏం తోచిందో ఏమో, పార తీసుకుని గోడ మీద పడ్డాను. వానలకు నానిన మట్టి, ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. మనిషి వంగి దూరేంత సందు అయింది. అవతల ఆపా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"గోడ నీదా, నాదా?"

"ఇద్దరిది, ఆపా."

"అయితే నా సగం కూల్చేటప్పుడు నన్ను అడగాలె గద," అంటూనే వంగి ఇటు వచ్చింది.

బిడ్డ చెవి చూసి ఆమె ముఖం మారిపోయింది. "ఇదేంది?"

"ఈనె, ఆపా."

"వాకిలి ఊడ్చిన చీపురుదా?"

మా ఇంటామె ఊరుకుంటుందా? "కోళ్లగూడు ఊడ్చేది గూడ గదే, ఆపా," అంది.

"బంగారాన్ని దాసినవ్, బిడ్డను ఆగం చేసినవ్! పై చెవి కుళ్లితే ముడుచుకపోతది తమ్మీ. బతికినన్ని దినాలు ఎండిన ఆకు లెక్క ఉంటది. ఇగ నువ్వు చెవి జోలికి రాకు. నీళ్లు కాయి, పో."

పోయి నీళ్లు కాచాను. ఆమె ఉప్పునీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, చెవికి ఆనించి, ఈనె దానంతటది వదులయ్యేదాకా కూర్చుంది. చీము తుడిచింది. లేత వేపపుల్లను నున్నగా గీకి, మరిగించి, ఈనె ఉన్నచోట పెట్టింది. ఇక ఆమెను ఆ ఇంటికి పోనివ్వలేదు మేము. మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున వేలి వెనకవైపు చెవికి ఆనించి వేడి చూసేది. నేను ఆమె ముఖం చూసేవాణ్ని. నా బిడ్డ చెవి నా చేతులతో నేనే పాడుచేశానే అని కుమిలిపోయాను.

తొమ్మిదో రోజు వేలు ఆనించి, ఇంకోసారి ఆనించి, "సల్లవడ్డది," అంది.

సంతోషంతో ఆమె కాళ్లమీద పడబోయాను.

"లే, లే, బొంత తొక్కుతున్నవ్!" అంది.

పెళ్లికి ఒక్క బావిలీతోనే బిడ్డను పంపాను. వియ్యపురాలికి జరిగిందంతా చెబితే, ఆమె చెవి పట్టి చూసి, "ఉన్న చెవి ఉన్నది గద, సాలు," అంది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి! రెండో చెవి మరుసటి ఏడాది ఆపాయే కుట్టింది. కుట్టి, మానేదాకా నన్ను ఆ దరిదాపులకు రానివ్వలేదు.

నిన్న ఆమెకు స్నానం చేయించడానికి మీర్‌పేట్ నుంచి బంధువుల ఆడవాళ్లు వచ్చారు. ఒంటిమీద నగ ఉండకూడదట. ఆపా పై చెవికి చిన్ననాటి వెండి రింగు ఒకటి ఉంది. ఎన్నేళ్లదో, చర్మానికి అతుక్కుపోయింది. కత్తిరించాలన్నారట ఎవరో. వాళ్లలో పెద్దామె, ఆపా చేత చెవి మానిపించుకున్న పిల్లకు తెలుస్తుందని మా గడపలోకి వచ్చి, "మీ బిడ్డ జర వస్తదా?" అని అడిగింది.

"పురిటి ఒళ్లు. చావింటికి ఎట్ల పంపుత?" అంది మా ఇంటామె. ఆమె మాటా తప్పు కాదు. బిడ్డ నావైపు చూసింది.

"పో బిడ్డా," అన్నాను.

గోరువెచ్చటి నీళ్ల గిన్నె పట్టుకుని వెళ్లింది. మనవరాలిని ఒళ్లో వేసుకుని నేను అరుగు మీద కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నా పక్కన కూర్చుంది.

"లాగలె, బాపూ. నానవెట్టుకుంట కూసున్న. గదే వచ్చింది."

జుట్టు పిండుకుంటూ మళ్లీ అంది. "రింగు తీసినంక చెవి జర ఎత్తి చూసిన. తూటుల నుంచి కిటికీ కనవడ్డది."

ఆ తూటులోంచి ఎంత కిటికీ కనబడుతుంది? ఆవగింజంత. తెల్లగుడ్డ కప్పేదాకా ఆపా చెవి అంచున ఆ ఆవగింజంత వెలుతురు అట్లాగే ఉందట.