జున్నుపాలు ముందు ఎవరికి

వెంకటదుర్గకు అనుమానం పుట్టిందంటే అది తేలేదాకా అన్నం సహించదు. మాకవరపాలెం దగ్గరి ఆ ఊరికి కాపురానికి వచ్చిన వారంలోనే, కుక్కర్ ఎందుకు కూస్తుందని అందరినీ అడిగి విసిగించిన మనిషి. ‘అడగడానికే పుట్టింది మా కోడలు’ అని అత్తగారు జోగులమ్మ నలుగురిలో నవ్వేది.

ఈసారి అనుమానం మాత్రం నవ్వులాటది కాదు. వాళ్ల గేదెకు వరసగా రెండు ఈతల్లోనూ దూడ దక్కలేదు. పుట్టగానే బాగానే లేచి నిలబడేవి. తర్వాత విరేచనాలు పట్టుకుని, వారం తిరక్కుండా పోయేవి. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. ఈ దూడా పోతే గేదెను సంతకు తోలేస్తానని జోగులమ్మ తేల్చేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి దుర్గ రోజుకు పదిసార్లు వెళ్లి గేదెను చూసి వస్తోంది. ఆ గేదె అంటే ఆమెకు ప్రాణం.

ఒకరోజు జీడితోటలో పిక్కలు ఏరుతుంటే పక్కింటి మేక అక్కడే ఈనింది. పిల్ల ఒళ్లు తడి ఆరకముందే తల్లి కిందికి దూరి పాలు చీకడం మొదలుపెట్టింది. ఈనిన తర్వాత పడాల్సిన మాయ ఇంకా వేలాడుతూనే ఉంది. దుర్గ ఏరడం మానేసి చతికిలబడి చూసింది. కాసేపటికి మాయ దానంతటదే పడిపోయింది. మేక నిక్షేపంలా ఆకులు నములుతోంది.

వాళ్లింట్లో పద్ధతి వేరు. గేదె ఈనితే మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వరు. ముందే తాగితే మాయ లోపలే నిలిచిపోతుందని జోగులమ్మకు భయం, ఆమె అత్తగారికీ అదే భయం. ఒక్కోసారి పూటంతా దూడ అరుస్తూనే ఉండేది. ఆ తర్వాత జున్నుపాలు గిన్నెల్లో ఇరుగుపొరుగుకు వెళ్లేవి. దూడకు మిగిలింది దక్కేది.

మర్నాడే దుర్గ ఆటో ఎక్కి నర్సీపట్నం పశువుల ఆసుపత్రికి వెళ్లి, దూడకు జున్నుపాలు ఎప్పుడు పట్టాలని అడిగింది.

“పుట్టిన గంటలోపే తాగించాలమ్మా. జబ్బుకి తట్టుకునే బలం ఆ పాలలోనే ఉంటుంది. దూడ చీకితే మాయ కూడా తేలిగ్గా పడుతుంది” అంది డాక్టరమ్మ.

గేదె తెల్లారగట్ల ఈనింది. పెయ్యదూడ. జోగులమ్మ అలవాటు ప్రకారం దాన్ని గుంజకు కట్టేసింది.

“అత్తా, ఇప్పేయి. తాగనీ.”

“మాయ పడనేదే! గేదెకేటైనా అయితే?”

“అయితే నన్ను తిట్టు. దూడ పోతే ఎవుల్ని తిడతావు? మేకపిల్ల తాగితే మేకకేటైనాదా?”

“మేకా, గేదే ఒకటేనేటే?”

“కాదు. డాకటరమ్మని అడిగే వొచ్చాను. గేదెకీ అదే సెప్పింది.”

దూడ అరిచింది. జోగులమ్మ దానివంక చూసి, గేదెవంక చూసి, గొణుక్కుంటూనే తాడు విప్పింది. మాయ ఎండెక్కకముందే పడింది. పక్కింటి బేబి గిన్నె పట్టుకొస్తే, “ఇయ్యాల నేదమ్మా. మా దూడ తాగాల” అని పంపేసింది జోగులమ్మ.

నెల దాటింది. దూడ వాకిట్లో గెంతుతోంది. సంత మాట ఎవరూ ఎత్తడం లేదు. జోగులమ్మ అరుగు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూసి, కోడలిని పిలిచింది.

“ఒలే దుర్గా, పోయిన ఆ రెండు దూడలూ అప్పుడంత అరిసినాయి కదే. పాల కోసమేనేటే?”

దుర్గ చేతిలోని చీపురు పక్కన పెట్టింది. వెళ్లి అత్త పక్కన కూర్చుంది.