వెనక్కి నడిచే ప్రిబో

రగూసా రేవు వెనక సందులో ప్రిబో రోజంతా వెనక్కే నడిచేవాడు. తాడు పేనే పని అలాంటిది. నడుముకు చుట్టుకున్న నారను వేళ్ల సందుల్లోంచి వదులుతూ, తాడు పెరిగేకొద్దీ వెనక్కి జరగాలి. యాభై ఏళ్లకు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఓసారి చర్చి మెట్లు కూడా వెనక్కే దిగి పాదిరీ మీద పడ్డాడు. ఎన్ని ఓడలకు తాళ్లిచ్చినా తను మాత్రం ఓడెక్కి ఎరగడు.

1641లో ఓ తుఫానులో ఓడ యజమాని లుక్ష ఓడ లంగరు పోయింది, అందులో వర్తకుడు స్తియెపో వేసిన ఎండుద్రాక్ష తడిసిపోయింది. ఓడను కాపాడటానికి లంగరు తాడు తనే నరికానన్నాడు లుక్ష. అలాగైతే రేవు చట్టం ప్రకారం నష్టం ఓడవాడూ సరుకువాడూ పంచుకోవాలి. కాదు, కుళ్లి తెగిందన్నాడు స్తియెపో. అదే నిజమైతే నష్టమంతా లుక్షే కట్టాలి, ఓడ అమ్ముకోవాల్సిందే. న్యాయాధికారి పిలిపిస్తే ప్రిబో వచ్చి, మిగిలిన తాడు కొస తడిమి, "గొడ్డలి దెబ్బే. ఇది నేను పేనిన తాడు" అన్నాడు.

"నీ తాడు కుళ్లిందని నువ్వెందుకంటావులే తాతా!" అన్నాడు స్తియెపో.

ప్రిబో తాడు మూడు పేటలూ విడదీసి, ఒక్క పేటనే రేవులో సరుకులు దించే దూలానికి కట్టించాడు. దానికి తడిసిన ద్రాక్ష మూటలు మూడు వేలాడదీయించి, వాటి మీద తనూ ఎక్కి కూర్చున్నాడు. "లాగండ్రా!" అన్నాడు. మూటలతో సహా నీళ్ల మీదికి లేచాడు. పేటలో ఒక్క పోగైనా తెగలేదు. ముందు నవ్వింది స్తియెపోనే. "ఒప్పుకున్నా, దిగు తాతా!" అన్నాడు. లుక్ష టోపీ గాల్లోకి విసిరాడు.

ప్రిబో కాళ్లాడిస్తూ సముద్రం వైపే చూస్తున్నాడు. "ఉండండయ్యా, తొందరేంటి? యాభై ఏళ్లు వెనక్కే నడిచాను. ఇంకాస్త ముందుకు పోనివ్వండి."