మా ఇంట్లో కవర్లు తీయరు

పోయిన ఆదివారం మా పాత ఫ్రిజ్‌ను పాతసామాన్ల బండివాడికి ఇచ్చేశాం. ఇద్దరు మనుషులు దాన్ని మెట్ల మీద నుంచి దించి బండి ఎక్కిస్తుంటే మా ఆవిడ వాళ్లను ఒక్క నిమిషం ఆగమంది. తలుపు మూలన గోటితో గీకి, పద్నాలుగేళ్లుగా దాని మీద ఉన్న ప్లాస్టిక్ పొరను పైనుంచి కిందికి ఒక్క గుంజుడుతో ఊడదీసింది. పొర పచ్చబడిపోయింది. అంచులు చిట్లి, పసుపు చేతుల మరకలతో చూడటానికి లేకుండా ఉంది. దాని కింద తలుపు మాత్రం దుకాణంలో చూసిన రోజులాగే ఎర్రగా, మొహం కనిపించేంత నున్నగా ఉంది. బండివాడు ఒక అడుగు వెనక్కి వేసి చూసి, "మాసీ, ఇది కొత్తదే కదా, ఎందుకు పారేస్తున్నారు" అని హిందీలో అడిగాడు. లోపల కంప్రెసర్ పోయి నెల దాటిందని నేను చెప్పాను. మా ఆవిడ ఆ పొరను చీర మడతపెట్టినట్టు మడతపెట్టి చంకన పెట్టుకుంది. దేనికైనా పనికొస్తుందట.

ఆ పొరను చూడగానే నాకు నాలుగేళ్ల కిందటి ఇంకో పొర గుర్తొచ్చింది. అది అరచేతి కంటే చిన్నది. దాని వల్ల మా మేనకోడలి బతుకు ఒక రోజంతా ఊగిసలాడింది.

ముందు మా ఇంటి ఆచారం చెప్పాలి. మా ఇంట్లో కొత్త వస్తువుకు కవరు తీయరు. టీవీ రిమోట్ కవరులోనే పుట్టి కవరులోనే పోయింది. దాని మీది అంకెలను మేమెన్నడూ నేరుగా చూసి ఎరగం. సీలింగ్ ఫ్యాన్ రెక్కలకు కవర్లున్నాయి. వేసవిలో మా సోఫా మీద కూర్చున్న చుట్టం లేచేటప్పుడు చర్మం ఊడినంత చప్పుడవుతుంది. దీన్ని పిసినారితనం అనుకునేవాళ్లకు మా ఆవిడ పని తెలియదు. ఆమె ఇరవై ఏళ్లు ఇంట్లో కూర్చుని మార్కెట్ చీరలు మడతపెట్టి కవర్లలో వేసింది. సూరత్‌లో మా లింబాయత్ వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల పని అదే. లోపల చీర ఎంత బాగున్నా, కవరు మూల చిరిగిందంటే ఆ పీసు వెనక్కి వచ్చేది. కవరుంటే సరుకు, కవరు పోతే పాత బట్ట. ఇరవై ఏళ్లు చేతులతో నేర్చుకున్న పాఠాన్ని ఫ్రిజ్ దగ్గరికి రాగానే మరిచిపొమ్మంటే ఎవరు మరిచిపోతారు?

ఇక నా సంగతి. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసి, సిరిసిల్ల వైపు నుంచి మా అక్కాబావల వెంట సూరత్ వచ్చాను. బావ మగ్గాలు బాగుచేసే మాస్టర్. అదే కార్ఖానాలో నాకు హాజరు పుస్తకం రాసే పని ఇప్పించాడు. మిగిలిన చదువంతా నేను మునిసిపల్ లైబ్రరీలో సొంతంగా చదువుకున్నదే. మొదట హిందీ, తర్వాత గుజరాతీ, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. అరలో ఏది ముందుంటే అది చదివాను: విద్యుత్తు, మూత్రపిండాలు, ఓడల నిర్మాణం. తేనెటీగల పెంపకం మీద రెండు పుస్తకాలు పూర్తి చేశాను గానీ, జీవితంలో ఒక్క తేనెటీగను కూడా పెంచలేదు. ముఖ్యమైనవన్నీ నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నాను. గల్లీలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతారని నా నమ్మకం. "మా బామ్మర్దికి అన్నీ తెల్సు, ఒక్క బల్బు మార్చుడు తప్ప" అని బావ నమ్మకం.

మా అక్కాబావల కూతురు, అంటే నా మేనకోడలు, చీరల మీద ప్రింటు డిజైన్లు వేస్తుంది. రింగ్ రోడ్డులో ఒక డిజైన్ దుకాణంలో ఐదేళ్లు పనిచేసింది. పువ్వు ఆమెది, ఆకు ఆమెది, పేరు మాత్రం దుకాణం యజమానిది. మార్కెట్‌లో ఒక చీరల సేటుకు ఆ చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది. "సొంత మెషీన్ పెట్టుకో బేటా. సోమవారం వచ్చి చూస్తాను. కొంగు నుంచి జాకెట్టు ముక్క దాకా నా చీర ఫైలు మొత్తం తెరిచి, నా ఎదుట రంగులు మార్చి చూపించు. ఆగకుండా నడిస్తే ఈ సీజన్ పని నీకే. ఆగిపోతే ఇప్పుడున్నట్టే ఉండనీ" అన్నాడు. ఇప్పుడున్నట్టు ఉండటానికి ఆమె ఉంటే కదా. శుక్రవారమే దుకాణం పని మానేసి వచ్చేసింది.

ఆరు గజాల చీరను పోగు పోగూ కనిపించేలా తెరవాలంటే మామూలు కంప్యూటర్ చాలదట. అందుకే ఏ భాగానికి ఆ భాగం తానే ఎంచి తెప్పించుకుని, తానే బిగించుకుంటానంది. వాళ్ల ఇంటి కింద కరెంటు మగ్గాలు నడుస్తుంటాయి. వాటి అదురుకు అల్మారాలో పెట్టిన గ్లాసు సాయంత్రానికి నడుచుకుంటూ అంచుకు వచ్చేస్తుంది. కాబట్టి ఆ పని మా ముందు గదిలో చేయాలని తీర్మానమైంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. కంప్యూటర్ల నిర్మాణం మీద లైబ్రరీలో ఉన్న ఒకే ఒక పుస్తకాన్ని నేను మూడుసార్లు చదివాను.

శనివారం పొద్దున అట్టపెట్టెలతో వచ్చింది. నేను నోటుబుక్కు తెరిచి, ఫ్లాపీ ఎక్కడ పెడతారని అడిగాను.

"ఫ్లాపీ లేదు మామా."

"లేకపోతే ఎట్ల? పుస్తకంలో దానికి ఒక అధ్యాయమే ఉంది."

"ఆ పుస్తకం ఎప్పటిది?"

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. పేజీ తిప్పి, స్థిర విద్యుత్తు ప్రమాదం గురించి చదివి వినిపించాను. పాలిస్టర్ పోగుల మధ్య బతికేవాళ్లకు దాని గురించి ఒకరు చెప్పక్కర్లేదు. చలికాలంలో మగ్గం దగ్గర నిలబడితే చేతి వెంట్రుకలు లేచి నిలుచుంటాయి. నా ముంజేతికి రాగి తీగ చుట్టుకుని రెండో కొసను వంటింటి కుళాయికి కట్టాను. తీగ పొట్టిది కావడంతో గది గడప దాటి లోపలికి పోలేక, గడప మీదే నిలబడి సలహాలిచ్చాను. మా ఆవిడ నీళ్లకు వచ్చినప్పుడల్లా తీగను ఎత్తి కిందనుంచి దూరేది. "ఏందయ్యా, గేదెను కట్టేసినట్టు కట్టేసుకున్నవ్" అని మాత్రం ఒకసారి అంది. గంట తర్వాత చెయ్యి తిమ్మిరెక్కి తీగ విప్పేసుకున్నాను. విప్పకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మేనకోడలి పద్ధతి బాగుంది. భాగాలన్నీ కూర్చునే బోర్డును వెంటనే కేబినెట్‌లో బిగించకుండా, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచింది. ముందు ఇలా నడిపి చూసి, తప్పుంటే ఇక్కడే దిద్దుకోవాలట. బోర్డు నడుమ, లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ పెట్టింది. దాని నెత్తి మీద బూడిదరంగు మలాం చిటికెడు వేసింది. ఆ మలాం ప్రాసెసర్ వేడిని పైకి అందిస్తుంది. దాని పైన కూర్చునే, ఫ్యాన్లున్న ఇనుప దిమ్మెలాంటి కూలర్ ఆ వేడిని బయటికి ఊదుతుంది. కూలర్ అడుగున ఉన్న పలచని పొరను ఆమె ఒలిచి స్టూలు మీద పెట్టింది. అంతలో ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్లింది.

నేను కూలర్‌ను చూశాను. దాని అడుగు అద్దంలా మెరుస్తోంది. అంత కొత్త వస్తువు కవరు లేకుండా పడి ఉండటం నాకు ఎంతకీ చూడబుద్ధి కాలేదు. వేలిముద్ర పడితే పోదు కదా. పొర తీసుకుని, బుడగలు లేకుండా, నాలుగు మూలలూ సరిచేసి మళ్లీ అతికించాను. చెప్పకూడదు గానీ, చాలా చక్కగా అతికించాను. పిల్ల తిరిగొచ్చి, తాను ఒలిచిన గుర్తుతోనే అడుగు వైపు చూడకుండా దాన్ని ప్రాసెసర్ మీద బిగించేసింది. పొర పారదర్శకం, చూసినా కనిపించేది కాదేమో. నేను కూడా దాని సంగతి మరిచిపోయాను.

ఆదివారం పొద్దున పరీక్ష మొదలుపెట్టింది. ప్రాసెసర్‌కు శక్తికి మించిన లెక్కలు ఇచ్చి, అది ఎంత వేడెక్కుతుందో అంకెల్లో చూపే ప్రోగ్రాం ఒకటుంది. సాయంత్రం దాకా ఆగకుండా నడిస్తే పాసైనట్టు. మాది రెండు నిమిషాలు నడిచింది. అంకె నలభై నుంచి ఎగబాకి వందకు చేరింది, తెర మీద అంతా నత్తనడక పట్టింది, ఆ తర్వాత ఠక్కున ఆరిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆరింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది. నాకు భయమేస్తే చదివింది గుర్తొస్తుంది. తాపీ నది తేమ అన్నాను. వోల్టేజీ అన్నాను. టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాను. లోహాల వ్యాకోచం గురించి ఒక పేజీ చదివాను.

"మామా, ప్లీజ్, జర సేపు చదవకు" అంది. మధ్యాహ్నానికి పన్నెండుసార్లు ఆరిపోయింది. ప్రాసెసరే పాడైనది వచ్చి ఉంటుందని, మార్చి ఇచ్చేసరికి వారం పడుతుందని, సేటు వారం ఆగడని చెప్పి, సోఫా కవరు మీద తల వాల్చింది.

అప్పుడు బావ వచ్చాడు. ఆ రోజు మగ్గాలకు సెలవు. బావకు ఇంగ్లీషు అంకెలు తప్ప అక్షరాలు రావు. తెర వైపు చూడనే లేదు.

"ఒకసారి నడుపు బిడ్డా" అన్నాడు. నడుస్తుంటే కూలర్ దిమ్మె మీద అరచెయ్యి పెట్టాడు, మగ్గం బేరింగు మీద పెట్టినట్టు. తర్వాత అట్టపెట్టె సందులోంచి బోర్డు అడుగున వేలు పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. "వందకు ఎక్కుతున్నదంటిరి గదా. కింద కాలుతున్నది, పైన మంచులెక్క సల్లగున్నది. నడుమ ఏదో అడ్డమున్నది. ఇప్పు."

ఇప్పింది. కూలర్ అడుగున, మలాం పూసుకుని, నాలుగు మూలలూ సరిగ్గా కూర్చుని ఉంది పొర.

"దీన్ని నేను తీసిన" అంది మేనకోడలు. "నాకు బరాబర్ యాదికుంది. తీసి స్టూల్ మీద పెట్టిన."

గదిలో ముగ్గురమూ, ఒకరికొకరం చెప్పుకోకుండానే, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ వైపు చూశాం. రిమోట్, ఫ్యాను రెక్కలు, సోఫా, ఫ్రిజ్ అన్నీ ఆమె మీద సాక్ష్యం చెబుతున్నాయి. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. చూసిన తర్వాతే నాకు నా వేళ్లు గుర్తొచ్చాయి.

"అత్తమ్మా, నీ కవర్ల పిచ్చి పాడుగాను" అని పిల్ల ఏడుస్తూ నవ్వింది.

"ఏమో బిడ్డా, చెయ్యి ఊకుంటదా" అంది మా ఆవిడ. నేను నోరు తెరిచాను. బావ నవ్వుతున్నాడు. అన్నీ చదివిన బామ్మర్ది చేసిన పని ఇదని తెలిస్తే ఆ నవ్వు ఎంత కాలం సాగుతుందో లెక్క వేసుకుని, నోరు మూసుకున్నాను.

అంతటితో గండం గడవలేదు. ఉన్న మలాం అంతా పొరకే అంటుకుపోయింది. ట్యూబు చూస్తే ఖాళీ. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నాయి. మా ఆవిడ ట్యూబు అడిగి తీసుకుని, పీట మీద పెట్టి, చపాతీ కర్రతో కింది నుంచి మెల్లగా దొర్లించింది. మా ఇంట్లో పళ్ల పేస్టు ట్యూబు ఖాళీ అని నేను పారేసిన తర్వాత కూడా పదిహేను రోజులు వచ్చేది ఈ విద్య వల్లనే. మూతి దగ్గర శనగగింజంత మలాం పైకొచ్చింది. పిల్ల ఊపిరి బిగబట్టి అందుకుంది. ఈసారి కూలర్ బిగించేదాకా ఎవరూ ఫోను ఎత్తలేదు. అంకె అరవై ఎనిమిదికి ఎక్కి అక్కడే నిలబడింది. సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా అక్కడే ఉంది. బావ మళ్లీ చెయ్యి పెట్టి చూసి, దిమ్మె వెచ్చబడిందని తల ఊపాడు.

సోమవారం సేటు వచ్చి, సోఫా కవరు మీద చప్పుడు చేస్తూ కూర్చుని, మెషీన్ నడుస్తోందా అని అడిగాడు. అది అంత నిశ్శబ్దంగా ఉంది. మేనకోడలు తెర మీద, చీర కొంగులోని నెమలిని పింఛంలో ఈనె దాకా పెద్దది చేసి, నీలాన్ని ఆకుపచ్చ చేసి, మళ్లీ నీలం చేసింది. "బరాబర్ ఛే" అని గుజరాతీలో మెచ్చుకున్నాడు సేటు. ఆ సీజన్ పని ఆమెదే అయింది, ఆ తర్వాతివీ.

పొర కథ మాత్రం చుట్టాలందరిలో మా ఆవిడ కథగా స్థిరపడింది. దాన్ని అందరికంటే బాగా చెప్పేవాణ్ణి నేనే. మేనకోడలి పెళ్లిలో అయితే మైకులో చెప్పాను.

పోయిన ఆదివారం బండి గల్లీ మలుపు తిరిగాక, ఆమె చంకన ఉన్న మడత చూసి నాకు ఉండబట్టలేదు. "ఆ కంప్యూటర్ పొర మళ్లీ అతికించింది నేనే" అన్నాను.

"ఎరుకే" అంది. "తోటకూర తుంచుకుంట చూసిన."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"కవరు వేసుడు తప్పెట్ల అయితది? మంచి పనే చేస్తున్నవనుకున్న."

"బయటపడ్డాకైనా చెప్పొచ్చు కదా."

"నువ్వు చెప్తవేమో అని చూసిన. ఆ దినమంతా చూసిన. పెండ్లిల మైకు పట్టుకుంటే, ఇగ ఇప్పుడు చెప్తడనుకున్న. ఆడ కూడా నా మీదనే చెప్తివి. ఇగ నేను గుంజి తీసుడెందుకని అట్లనే ఉండనిచ్చిన." అని మెట్లెక్కి లోపలికి పోయింది.

మేనకోడలి కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తోంది. దాని మీద ఏ పొరా లేదు. పెట్టె అద్దం మీద గీతలు పడ్డాయి, ఒక పక్క తలుపు ఊడిపోయింది, మీద టీ కప్పు మరక వలయంలా ఉండిపోయింది. మా ఫ్రిజ్ మాత్రం కొత్త మొహంతో బండెక్కి వెళ్లింది. పద్నాలుగేళ్లు మేం తలుపుకు కాపలా కాశాం, కాలం కంప్రెసర్ వైపు నుంచి లోపలికి దూరింది.